నవ్వుతూ వచ్చిన అమ్మోరు

నీలంపుట్టుగలో అమ్మోరు పోసింది. పోసింది గానీ, ఇదేం పొయ్యడమో ముసలివాళ్ళకి అంతుబట్టలేదు. జ్వరం లేదు, మూలుగు లేదు. పిల్లదాని మెడ కింద ఒక పొక్కు, నడుం మీద ఇంకోటి, అంతే. ఆ రెండు పొక్కులూ వేసుకుని పిల్లగుంటలు వీధిలో ఎగురుతున్నారు.

ఆటలమ్మ అంటే ఇదివరకు ఇంటిల్లిపాదికీ హడల్. చూరులో వేపరెమ్మ దోపాలి. పోపు మానెయ్యాలి. చేపల బుట్ట ఆ వీధి మొహం చూడకూడదు. పిల్లాడు చీకటి గదిలో పడి వేపాకుతో ఒళ్ళు రాసుకుంటూ ఏడవాలి. ఈసారి అదేమీ అక్కర్లేకపోయింది. "తల్లి కోపంగా రాలేదు, నవ్వుతా వచ్చింది" అన్నారు ఆడవాళ్ళు.

నవ్వుతూ వచ్చిన ఆ తల్లిని సీసాలో పెట్టి తెచ్చింది దమయంతి.

ఆమె విశాఖ అవతల కొండవాలున ఉన్న ఒక ప్రయోగశాలలో పని చేస్తుంది. పుట్టింది మాత్రం ఇక్కడే, ఉద్దానంలో, జీడితోటల్లో. ఆటలమ్మకి టీకా లేదా అంటే ఉంది. ఎక్కడుంది? టౌన్లో పిల్లల డాక్టరు ఫ్రిజ్జులో ఉంది. కొనుక్కోగలిగినవాడి పిల్లకి ఉంది. అంగన్‌వాడీ అరుగు మీద వరసలో నిలబడ్డ పిల్లకి లేదు. పోలియో చుక్కల వెనకాల, తట్టు సూది వెనకాల, ఎప్పటికైనా దాని వంతు వస్తుందేమోనని చూస్తూ చూస్తూ ఆ పిల్ల పెద్దదైపోతుంది. దమయంతికి ఈ సంగతి తలచుకుంటే ఒళ్ళు మండేది.

మంటకి ఇంకో కారణం వాళ్ళమ్మ. చిన్నప్పుడు ఒంటినిండా ఆటలమ్మ పోసి తగ్గింది ఆవిడకి. తగ్గింది అనుకున్నారు. అది ఎక్కడికీ పోలేదు. నరాల వేళ్ళలో ముడుచుకుని పడుకుంది. ఆవిడ ఒంట్లో బలం తగ్గిన రోజు చూసుకుని లేచి, నరం పట్టుకుని మొహం మీదికి పాకింది. దాన్నే సర్పి అంటారు. ఊళ్ళో ఒకాయన ఎర్రమట్టి తడిపి నుదుటి మీద పాము బొమ్మలు రాశాడు. బొమ్మలు బాగానే ఉన్నాయి, కన్ను పోయింది. ఆ తరవాత ఆ చెంప మీద చీర చెంగు తగిలినా ఆవిడ గిలగిలలాడేది. ఆటలమ్మా సర్పీ ఒకే పురుగు చేసే పని అని దమయంతి చదువుకుని తెలుసుకునేసరికి ఆవిడ లేదు.

అందుకే పెద్దాయన మార్కండేయులు తన ఆలోచన చెప్పినప్పుడు దమయంతి కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. ప్రయోగశాల పెద్ద ఆయనే. వరస కోసం కాసుకు కూచోని టీకా ఒకటి చేద్దాం అన్నాడు. నలుగురైదుగురికి సూది వేస్తే చాలు, మిగిలిన ఊరికి అదే అంటుకుంటుంది. జబ్బు ఏ దారిన పోతుందో టీకా కూడా అదే దారిన నడిచిపోతుంది. ఫ్రిజ్జు అక్కర్లేదు, నర్సు అక్కర్లేదు, ఏ మంత్రిగారూ రిబ్బను కొయ్యక్కర్లేదు. ఆటలమ్మ వైరస్‌నే తీసుకుని కోరలు పీకారు. మళ్ళీ మేలుకోడానికి దానికి ఒక ఎంజైము కావాలి. ఆ ఎంజైమునే కత్తిరించేశారు. పడుకుంటే ఇక లెగవదు. సర్పి ఉండదు. ప్రయోగశాలలో దాన్ని అంటుటీకా అని పిలుచుకున్నారు.

"ఊరు దాటిపోతే?" అని ఆఖరి సమావేశంలో మార్కండేయులు అడిగాడు.

నీలంపుట్టుగలో కేన్సరు మందులు వాడేవాళ్ళూ, అవయవం మార్పించుకున్నవాళ్ళూ లేరని చూసుకున్నారు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి పాత ఆటలమ్మ పోసి ఉందని రక్తం తీసి తేల్చుకున్నారు. ఊరు వరకూ సరే.

దమయంతే జవాబిచ్చింది. "మా వైపు అమ్మోరు పోసిన ఇంటి గడప పరాయివాడు తొక్కడండీ. సొంత వియ్యంకులు కూడా వీధిలోంచే పలకరించి పోతారు. చూరులో వేపరెమ్మ కనిపిస్తే బిచ్చగాడు పక్క వీధికి తిరుగుతాడు. పొక్కు కనబడగానే ఊరే కంచె కట్టుకుంటుంది. మనం కట్టక్కర్లేదు."

అందరూ తలలూపారు. కోరలు పీకిన పాముని చూసి ఎవడు పారిపోతాడన్న ముక్క ఒక్క బుర్రకీ తట్టలేదు.

ఊరివాళ్ళకేం చెప్పారంటారా? టీకా అని చెప్పారు. అది అబద్ధం కాదు. నడిచే టీకా అని మాత్రం చెప్పలేదు.

*

చల్లదనం రోజున దమయంతి నీలంపుట్టుగ వచ్చింది. అమ్మోరు దిగే వేళ ఊరంతా కలిసి తల్లిని చల్లబరిచి సాగనంపే పండగ అది. పొక్కులు ఎంతమందికి వచ్చాయో కళ్ళారా చూసుకుందామని ఆమె ఆశ. ఊరి మొదట్లో ఆటోల వరస చూసేసరికి కాళ్ళు ఆగాయి.

కొత్త మొహాలు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు నెత్తిన ముర్రాటలు పెట్టుకుని వస్తున్నారు. కుండల్లో పసుపునీళ్ళు, మీద వేపరెమ్మలు. ఎవరి చంకలో చూసినా పిల్లలు. పొక్కులున్న గుంటల్ని అరుగుల మీద వరసగా కూచోబెట్టారు. తక్కిన పిల్లల్ని తెచ్చి వాళ్ళకి ఆనించి కూచోబెడుతున్నారు. బుగ్గకి బుగ్గ రాయిస్తున్నారు.

"ఇదేటి?" అంది దమయంతి.

"చల్లని తల్లి కదమ్మా. కోపంగా వచ్చే అమ్మోరైతే తలుపులేసుకుంటాం. నవ్వుతా వచ్చినమ్మకి తలుపేసీడానికి మాకు మతిపోనాదేటి?"

అన్నది తవిటమ్మ. దమయంతి అప్ప అని పిలిచే అక్క నీలవేణికి అత్తగారు. గొరకలపేట నుంచి వచ్చింది. ఆవిడ కూతుర్ని ఈ ఊరే ఇచ్చారు, కూతురి పిల్లదానికి మెడ మీద పొక్కు.

"పిన్నీ, నువ్వు ముందు ఇంటికెళ్ళి స్నానం చెయ్యి. ఆ బట్టలు ఉడకబెట్టు. బావ దగ్గరికి వెళ్ళకు."

"ఎందుకెల్లనూ? నిన్ననే మనవరాల్ని అట్టుకెల్లీసి వాడి ఒళ్ళో కూకోబెట్టీసినాను. సిన్నప్పుడు మావోడికి అమ్మోరు పొయ్యనే లేదు కదా, తల్లికి ఆ అలక ఉండిపోనాదేమో. మీ అప్ప ఇచ్చిన కిడ్నీ చల్లగా ఉండాలని మొక్కినాను." తవిటమ్మ దమయంతి మొహం చూసి గొంతు తగ్గించింది. "ఏటే, అలా అయిపోనావు?"

దమయంతి గొరకలపేట ఆటో ఎక్కేసింది.

*

ఆ ఉద్దానం గడ్డ మీద ఇంతమందికి కిడ్నీలు ఎందుకు చెడిపోతున్నాయో నీటివల్ల అని ఒకడంటాడు, ఇంకోటని ఇంకొకడంటాడు. ఎందుకైతేనేం, బావ కూర్మారావువి రెండూ పోయాయి. జీడిపప్పు బట్టీలో మేస్త్రీ. పెళ్ళాం నీలవేణి తనది ఒకటి తీసి ఇచ్చింది. ఆ కిడ్నీని ఒళ్ళు పరాయిదని తరిమెయ్యకుండా ఆయన రోజూ మాత్రలు మింగాలి. ఆ మాత్రలు ఒంటి కాపలావాళ్ళని నిద్రపుచ్చుతాయి. కాపలా నిద్రపోయిన ఇంటికి కోరలు పీకిన పాము చాలు.

"రా మరదలా," అన్నాడు కూర్మారావు, వీధరుగు మీద జీడిపప్పు ఏరుతూ. మాస్కు గెడ్డం కిందికి లాగాడు. "బద్ద వేరు, గుండు వేరు చేస్తన్నాను. మీ అప్ప నన్ను ఆడంగి పనికి దించీసింది."

"మాస్కు పైకి పెట్టు బావా."

"మొగుడి అందం సూసి ఓర్వలేక మీ అప్ప పెట్టమంటాది. నీకేటి నొప్పి?"

లోపల్నుంచి నీలవేణి అంది, "అందం సంగతి తరవాత. బీపీ మాత్ర మింగినాడో లేదో అడుగు."

దమయంతి అరుగు అంచున నిలబడింది. చెప్పాల్సిన మాట నాలిక చివరన ఉంది. బావా, నీ ఒళ్ళో కూచున్న పిల్లదాని పొక్కులో ఉన్నది నేను తయారుచేసింది. అంతే, ఒక వాక్యం. చెబితే రేపు పోలీసులు. ఎల్లుండి ప్రయోగశాలకి తాళం. అసలు అంటుకుంటుందని మాత్రం ఏముంది, అంటుకోకపోనూ వచ్చు.

"విశాఖ వెళ్దాం బావా. పొక్కుల పిల్లని ఎత్తుకున్నావు కదా, ముందుజాగ్రత్తకి ఒక సూది ఉంది" అంది. అక్కడి వరకే చెప్పింది.

ఆ సూది కోసం ఊరూరా ఫోన్లు చేసింది. శ్రీకాకుళంలో లేదు. విశాఖలో మూడు ఆసుపత్రులు లేదన్నాయి, నాలుగోది తెప్పిస్తామంది. తెప్పించలేదు. ఏ లేమి మీద కోపంతో ఆమె ఈ పని మొదలుపెట్టిందో ఆ లేమే ఇప్పుడు తిరిగి గొంతు పట్టుకుంది. ఆ రెండు వారాలూ ఆమె ఇంట్లో ఒకచోట నిలవలేదు. వంట మొదలుపెట్టి మధ్యలో ఆపేసేది. గొరకలపేటకి ఫోను చేసి, "జ్వరమేమైనా వచ్చిందా" అని అడిగేది. "ఏటే నువ్వు, జ్వరం రావాలని సూస్తన్నావా?" అని నవ్వేది నీలవేణి.

జ్వరం వచ్చింది.

*

కూర్మారావుకి రెండు పొక్కులు కాదు. లెక్క పెట్టడానికి మధ్యలో చర్మం మిగల్లేదు. విశాఖ ఆసుపత్రిలో కిడ్నీ డాక్టరమ్మ ఫరీదా చూసీ చూడగానే ఆటలమ్మ అంది. ఆ జాతి వైరస్‌లకి వాడే మందు వెంటనే సెలైన్‌లో ఎక్కించింది. "ఈ మందుకి లొంగుతుంది. మా దగ్గరికి ఇలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు" అని నీలవేణికి ధైర్యం చెప్పింది.

లొంగలేదు. మూడో రోజుకి కాలేయం పట్టుకుంది. ఊపిరి ఎగబీలుస్తున్నాడు.

వరండాలో ఫరీదా తనలో తను మాట్లాడుకున్నట్టుగా అంది, "మోతాదు సరిగ్గానే ఉంది. ఎందుకు పని చెయ్యట్లేదో అర్థం కావట్లేదు."

పక్కనే నిలబడ్డ దమయంతికి అర్థమైంది. ఆ మందు దానంతటది పనిచెయ్యదు. వైరస్‌లో ఉన్న ఒక ఎంజైమే దాన్ని రగిలించాలి, అప్పుడే అది వైరస్‌ని కాలుస్తుంది. కత్తిరించి పారేసింది ఆ ఎంజైమునే. వైరస్‌ని మెత్తబరచాలని తీసినదే బావకి మందు లేకుండా చేసింది. డాక్టరమ్మ సీసా మీద సీసా ఎక్కిస్తోంది. అగ్గిపుల్ల లేని పొయ్యిలో కట్టెలు పేర్చుకుంటూ పోయినట్టు.

దమయంతి మెట్లు దిగి, స్కూటర్ల మధ్య నిలబడి మార్కండేయులుకి ఫోను చేసింది.

ఆయన రిపోర్టులన్నీ ఆమె చేత చదివించుకున్నాడు. "వేరే మందు ఉంది" అన్నాడు చివరికి.

"ఉందండీ. దానికి ఆ ఎంజైము అక్కర్లేదు. కానీ అది కిడ్నీని తినేస్తుంది. కారణం చెప్పకుండా మార్చమంటే ఏ డాక్టరూ మార్చదు."

"చెప్తే ఏమవుతుందో తెలుసా? మా అక్క ఏడో నెల కడుపుతో ఆటలమ్మ పోసి చచ్చిపోయింది, దమయంతీ. అలాంటి ఆడవాళ్ళు ఇంకెంతమంది పోతారో లెక్క వేశావా? ఈ పేరు మీద ఒక్క చావు బయటికొస్తే ఇంకో తరం దాకా దీన్ని ఎవడూ ముట్టుకోడు. ఒక్కడి కోసం."

"ఆ ఒక్కడు మా బావండీ."

"బావ కాకపోతే?"

ముర్రాటల రోజున అరుగుల మీద కూచున్న పిల్లల తల్లులు, ఆ ఆటోలు వెళ్ళిన ఊళ్ళు, ఆ ఊళ్ళలో మాత్రల మీద బతికేవాళ్ళు దమయంతి కళ్ళ ముందు తిరిగారు. వాళ్ళెవరికీ ఆమె ఫోను చెయ్యలేదు. రెండు వారాలు ఒక్క గొరకలపేటకే చేసింది.

"బావ కాకపోతే ఇంకా నోరు మూసుకునే ఉండేదాన్నేమో" అని ఫోను పెట్టేసి మెట్లెక్కింది.

*

ఫరీదా మొత్తం విని, చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది. తిట్టలేదు. తిడితే బావుండునని దమయంతికి అనిపించింది.

"ఇది మీరు అడ్మిషన్ రోజున చెప్పాల్సింది."

"అవునండీ."

"ఆ మందు ఎక్కిస్తే మనిషి దక్కచ్చు. కిడ్నీ దాదాపు పోయినట్టే. ఆలస్యం చెయ్యడానికి లేదు, సంతకం..."

"నన్ను అడక్కండి" అంది దమయంతి. "వాళ్ళని అడగండి. నేనే చెప్తాను, మీరు పక్కనుండండి. తప్పు చెబితే దిద్దండి."

కూర్మారావుకి తెలివుంది. పెదాలు పొక్కి మాట నలిగి వస్తోంది. నీలవేణి మంచం కోడు పట్టుకుని నిలబడింది. దమయంతి ఏదీ దాచలేదు. సీసా సంగతి, నడిచే టీకా సంగతి, వేపాకు కంచె అని తాను చెప్పిన మాట, అరుగు మీద మింగేసిన మాట. కిడ్నీ సంగతి చివర చెప్పింది.

నీలవేణి చెయ్యి తన నడుం దగ్గరికి పోయింది, కుట్లున్న వైపుకి.

"రెండు వారాలు" అంది. "ఫోను చేసి జ్వరం వచ్చిందా అని అడిగినావు. నాను నవ్వినాను."

"అప్పా..."

"ఆగు." నీలవేణి మొగుడి వైపు తిరిగింది. "ఏటంటావు?"

"ఇచ్చినదానివి నువ్వు," అన్నాడు కూర్మారావు. "నీ సొమ్ము కదా. నువ్వే సెప్పు."

"ఇచ్చీసింది మళ్ళీ నాదెలాగవుద్ది? నీ ఒంట్లో ఉంది, నువ్వు సెప్పు."

"బతికితే మళ్ళీ ఆ మిషను మీద కూకోవాల. పొద్దల్లా."

"కూకో. కబుర్లు సెప్పడానికి నానుంటాను కదా."

"అదే బయంగా ఉంది," అన్నాడు కూర్మారావు. తరవాత డాక్టరమ్మ కేసి చూసి, ఎక్కించండమ్మా అన్నట్టు చెయ్యెత్తాడు.

*

మనిషి దక్కాడు. కిడ్నీ పోయింది.

ప్రయోగశాలకి తాళం పడింది. మార్కండేయులు బెయిలు మీద ఉన్నాడు, దమయంతీ అంతే. ఆరోగ్య శాఖ జీపులు ఊరూరా తిరిగి మాత్రల మీద బతికేవాళ్ళని వెతికి ముందే కాపాడుకున్నాయి. అయినా వజ్రపుకొత్తూరు వైపు ఒకావిడ దక్కలేదు. ఆవిడ పేరు సుభద్ర. దమయంతి ఆ ఇంటికి వెళ్ళింది. తలుపు తియ్యలేదు.

నీలంపుట్టుగకీ వెళ్ళింది. రామమందిరం ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. తంతారనుకుంది. ఎవరూ లేవలేదు. జీడిపప్పు ఒలిచి ఒలిచి వేళ్ళు నల్లబడ్డ ఎర్రమ్మ అనే ఆవిడ మాత్రం అంది:

"మా గుంటలకి మంచే జరిగింది. ఇకమీదట ఆటలమ్మ రాదు, సర్పి రాదు అంటన్నావు. అదే మాకు కోపం. చెడ్డ చేసుంటే తన్ని తగలేసీవాళ్ళం. మంచి చేసీసి మా నోరు కట్టీసినావు. ముందే అడిగుంటే ఒద్దందుమేటి? మాలో సగంమంది సరేనందుము. మా గుంటల్ని మేమే అట్టుకెళ్ళి ఆనించినోళ్ళం కదా, అమ్మోరనుకుని. నువ్వని సెబితే నిన్నూ నమ్ముదుమేమో. అడగనే లేదు."

ఆ మర్నాడు దమయంతి పలాస వెళ్ళింది, రక్త పరీక్ష కాగితాలు పట్టుకుని. కూర్మారావు అక్కడే డయాలిసిస్ చేయించుకుంటున్నాడు. వరండాలో బల్ల మీద నీలవేణి కేరేజీ మూత తీస్తోంది. అన్నం, ఉప్పు లేని బీరకాయ కూర.

"అప్పా, నాది సరిపోతుందన్నారు" అంది దమయంతి, ఆయాసపడుతూ. "బావకి నా కిడ్నీ సరిపోతుంది. కమిటీ ఒప్పుకోవాలి, నేను మాట్లాడేశాను. విశాఖలో మంచం కూడా చెప్పుంచాను. వచ్చే నెల్లో..."

నీలవేణి కేరేజీ మీంచి తలెత్తలేదు. "ఆయన్ని అడిగినావా?"

దమయంతి కాగితం ఒకటి తీసి చాపింది.

"మంచం సెప్పీసినావు. కమిటీతో మాటాడీసినావు. ఆయన్ని అడిగినావేటి?"

దమయంతి కాగితాలన్నీ బల్ల మీద పెట్టి, ఖాళీ చేతులతో లోపలికి వెళ్ళింది. వరసగా మిషన్లు. రెండో దాని పక్కన కూర్మారావు, చేతికి గొట్టాలు. మొహం మీద పొక్కుల మచ్చలు.

"బావా."

ఆయన కళ్ళు తెరిచాడు. మరదలా అనలేదు. ఆ రోజు నుంచీ అనడం లేదు.

"నాది సరిపోతుందంట. నువ్వు సరేనంటేనే ఇస్తాను. ఒద్దంటే ఒద్దు. అడగడానికి వచ్చాను."

కూర్మారావు ఆమెని చూశాడు. గొట్టంలో తిరుగుతున్న తన నెత్తురు కేసి చూశాడు. తొందరేమీ లేనట్టు గోడ కేసి కూడా చూశాడు.

"ఆలోచించుకుని సెప్తాను," అన్నాడు. "బయట కూకో."

దమయంతి బయటికి వచ్చి, వరండాలో బల్ల మీద, అప్ప పక్కన కాదు, ఈ చివరన కూచుంది.